లోపలికి రావద్దు

జరిగినదానికంతటికీ కారణం బావమరిది. ఇది తేలిపోయిన విషయం. దీనిమీద పంచాయితీ అక్కర్లేదు. కొందరికి పక్కవాళ్ళ పెరట్లోకి తొంగిచూసే జబ్బు పుట్టుకతోనే వస్తుంది. బావమరిదికి అది ముదిరి కళాభిమానం అయింది.

ఆ ఆదివారం పొద్దున పెయింటరు వేసుకున్న పథకం చాలా చిన్నది. టీ కాచుకోవాలి. గ్లాసు పట్టుకుని పెరట్లో షెడ్డుకు ఎదురుగా కుర్చీ వేసుకోవాలి. పొద్దుగూకేదాకా అక్కడే కూర్చోవాలి. ఎవరితోనూ మాట్లాడకూడదు. ఇందులో చెడిపోవడానికి ఏముంటుందని ఎవరైనా అనుకుంటారు. బావమరుదులు లేనివాళ్ళే అలా అనుకుంటారు.

ఆయన బోర్డులు రాసే పెయింటరు. దుకాణాల పేర్లు, ఆఫీసుల హెచ్చరికలు, బడి గోడల మీద నీతివాక్యాలు, అన్నీ ఆయన చేతిమీదుగా పోయినవే. ప్లాస్టిక్ బోర్డులు వచ్చాక పని పోయింది. భార్య పోయాక మాట పోయింది. మిగిలింది ఒక ఇల్లు, వెనక ఒక పెరడు, పెరట్లో రంగు డబ్బాల షెడ్డు.

షెడ్డు గోడకు ఒక మేకు ఉంది. మేకుకు భార్య ఎండటోపీ ఉంది. గడ్డితో అల్లిన వెడల్పాటి టోపీ. మొక్కల దగ్గర పని అయిపోగానే ఆమె దాన్ని తీసి, దారాలు రెండూ కలిపి ఆ మేకుకే తగిలించేది. అది బోర్లించిన గిన్నెను తిరగేసినట్టు, నోరు పైకి పెట్టుకుని వేలాడేది. ఆఖరిసారి తగిలించిన తర్వాత దాన్నెవరూ తీయలేదు. తీయకపోవడానికి ప్రత్యేకమైన కారణమేమీ లేదని పెయింటరు పక్కింటి నర్సమ్మకు చెప్పాడు. ఆవిడ అడగలేదు.

ఈ ఎండాకాలం మొదట్లో గోధుమరంగు పిట్టల జంట ఒకటి వచ్చి ఆ టోపీలో గూడు పెట్టింది.

పిట్టలు ఆ పెరటికి కొత్త కాదు. ప్రతి ఏడూ ఎక్కడో ఒకచోట, తూములోనో, పనికిరాని డబ్బా వెనకో గూడు పెట్టేవి. పెట్టగానే భార్య వంటింట్లోంచి కేకేసేది. "ఏవండీ, మన అద్దెవాళ్ళు దిగారు!" ఇక ఆ రోజు నుంచీ ఇంట్లో రేడియో గొంతు తగ్గాలి. సుత్తిపని మానేయాలి. తలుపులు మెల్లగా వేయాలి. ఒకసారి ఆయన ఒళ్ళు మండి, "పిట్టలకున్న మర్యాద ఈ ఇంట్లో మొగుడికి లేదు," అన్నాడు. "పిట్టలు కూరకి వంకలు పెట్టవు," అందామె.

ఆమె ఉన్నన్నాళ్ళూ ఆయనకు అదంతా చాదస్తంగా కనిపించింది. ఇప్పుడు ఆయన రేడియో పూర్తిగా కట్టేశాడు. పెరట్లో చెప్పుల్లేకుండా నడుస్తున్నాడు. కిర్రుమనే గేటుకు నూనె పోశాడు. గుడ్లు పగిలి పిల్లలు బయటపడ్డాయి. ఇంకా కళ్ళు తెరవలేదు, ఈకలు రాలేదు. ముట్టుకుంటే కందిపోయేలా ఎర్రగా ఉన్నాయి. తల్లి వచ్చి అంచు మీద వాలగానే టోపీ నిండా నోళ్ళే.

"బెదిరించకండి బాబాయ్ గారూ," అంది నర్సమ్మ గోడ మీంచి చూసి. "మనుషుల అలికిడైతే తల్లి పిల్లల్ని వదిలేసి పోతుందట."

"ఎవరన్నారు?"

"అంటారు."

ఆయన ఎవరి మాటా నమ్మే మనిషి కాదు. ఈ ఒక్క మాట నమ్మాడు.

ఇక బావమరిది. బస్సు డిపోలో టైమ్‌కీపరు. బస్సుల్ని వేళకు పంపడం ఆయన ఉద్యోగం. మనుషుల్ని వాళ్ళకు పనిలేని చోటికి పంపడం ఆయన సరదా. కళా సంఘానికి కార్యదర్శి. అక్క పోయినప్పటి నుంచీ బావను ఇంట్లోంచి బయటికి లాగడం కూడా సంఘం పనుల్లో చేర్చుకున్నాడు.

"బావా, సాయంత్రం పార్కులో క్లారినెట్ కచేరీ ఉంది. రా, అలా వెళ్ళొద్దాం."

"ఉంటే ఉండనీ."

"పోనీ లైబ్రరీలో బొమ్మలు పెట్టారు."

"పెట్టినవాళ్ళే తీసుకుంటారు."

ఇలా ఏడాదిపాటు నడిచింది. వారం కిందట బావమరిది ఫోన్ చేశాడు. గొంతులో పెళ్ళివారి హడావిడి.

"బావా, ఈ ఆదివారం మనవైపే కార్యక్రమం! పెరటి కళాయాత్ర. ఒక పెరట్లో పాట, ఒక పెరట్లో బొమ్మలు, ఇంకో పెరట్లో చెక్కపని. జనం ఒక ఇంట్లోంచి ఇంకో ఇంట్లోకి తిరుగుతారు. నీ పెరడు కూడా..."

"నాకు పెరడు లేదు."

"పెరడు లేకపోవడమేంటి బావా?"

"నీకు లేదు."

"సరే సరే, బలవంతమేం లేదు. కానీ ఒక్క మాట విను. జనానికి గుర్తు తెలియాలి కదా, అందుకని మేం ఏం పెట్టుకున్నామంటే..."

పెయింటరు ఫోన్ పెట్టేశాడు.

ఆ ఒక్క మాట వినుంటే ఇంత జరిగేది కాదని, వినకపోవడం పెయింటరు తప్పేనని అనేవాళ్ళున్నారు. విననివాడికి మళ్ళీ ఫోన్ చేసి చెప్పకపోవడం ఎవరి తప్పో వాళ్ళే ఆలోచించుకోవాలి.

వీధిలో జనం తిరుగుతారని తెలిశాక పెయింటరుకు నిద్ర పట్టలేదు. దారి తప్పి ఒక్క కళాభిమాని లోపలికి వచ్చినా చాలు, తల్లిపిట్ట లేచిపోతుంది. గేటుకు ఒక బోర్డు పెడదామనుకున్నాడు. రెండే మాటలు. లోపలికి రావద్దు. ఇంకెవరైనా అయితే అట్టముక్క మీద సుద్దతో గీకి పారేసేవారు. ఆయన అలా చేయలేకపోయాడు. తిట్టయినా సరే ఒద్దికగా రాయాలని ఆయన గురువు నేర్పాడు. రేకు తీశాడు. గరుకు కాగితంతో రుద్దాడు. ముదురాకుపచ్చ పూత వేసి ఆరబెట్టి, మళ్ళీ వేశాడు. పసుపు అక్షరాలు పెట్టాడు. వాటికి ఎర్రటి నీడ ఇచ్చాడు. 'ద్దు' కింది వత్తు తోకను సాగదీసి, మాట మొత్తం కిందుగా తీగలా తిప్పాడు. తీగ ఎలాగూ వచ్చింది కదా అని దానికి ఆకులు పెట్టాడు.

శనివారం సాయంత్రం బోర్డును గేటుకు తగిలించి, రోడ్డుకు అవతల నిలబడి చూసుకున్నాడు. పనిచేసే రోజుల్లో అలాగే చూసుకునేవాడు. చాలాకాలం తర్వాత మనసు కాస్త తేలికపడింది. అక్కడే అనుమానించాల్సింది.

ఆదివారం ఆయన టీ గ్లాసుతో కుర్చీలో కూర్చోగానే ఇంటి పక్కసందులోంచి మనుషులు నడిచొచ్చిన చప్పుడైంది. గళ్ళచొక్కా ఆయన ఒకడు, వెనక ఆయన భార్య. ఇద్దరి ముఖాల్లోనూ చుట్టాలింటికి వచ్చిన సంతోషం.

పెయింటరు గొంతు తగ్గించే అడిగాడు. "చదువొచ్చా?"

"వచ్చండీ."

"గేటు మీద ఏం రాసుంది?"

"లోపలికి రావద్దు అని."

"మరెందుకొచ్చారు?"

మొగుడూ పెళ్ళాం ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకున్నారు. తర్వాత ఇద్దరూ పకపకా నవ్వారు.

"అదే కదండీ మజా! రావద్దంటే ఎవడైనా ఆగుతాడా? భలే ఆలోచన!" అన్నాడు గళ్ళచొక్కా. "ఏమే, వాళ్ళందర్నీ పిలు. మొదట ఇదే చూడమను."

ఆవిడ పిలిచింది. పిలవడంలో ఆవిడకు మంచి అనుభవం ఉన్నట్టుంది. పెయింటరు వాళ్ళిద్దర్నీ సందులోకి తోసుకుంటూ వెళ్ళేసరికి గోడ మీద నర్సమ్మ తల లేచింది.

"బాబాయ్ గారూ! మీరూ చేరారా? నాతో ఒక్కమాటైనా అనలేదే!"

"దేంట్లో?"

"కళాయాత్రలో! గేటుకి బోర్డు పెట్టారుగా?"

"రావద్దని పెట్టాను."

"ఏం రాసి పెడితేనేం? సొంత చేత్తో రంగులేసిన బోర్డు ఏ గేటుకి ఉంటే ఆ ఇంటివాళ్ళు చేరినట్టు. బోర్డున్న చోట అడక్కుండా లోపలికెళ్ళొచ్చు. అదే గుర్తు. మీ బావమరిదిగారు ఊరంతా చెప్పారుగా!"

ఊరంతా చెప్పాడు. చెప్పాల్సినవాడికి తప్ప.

పెయింటరు గేటుకు పరిగెత్తాడు. అక్కడ అప్పటికే గుంపు ఉంది. బోర్డు పక్కన నిలబడి ఫోటోలు దిగుతున్నారు. ఒకావిడ ఆ తీగ తోకను వేలితో గాలిలో దిద్దుతోంది. ఆవిడ బళ్ళో డ్రాయింగు టీచరు. ఆ రోజు ఏ పెరడు బాగుందో తేల్చి బహుమతి ప్రకటించే పని కూడా ఆవిడదే.

"ఈ చెయ్యి ఎవరిది?" అంది టీచరు.

"నాది. జరగండి," అని పెయింటరు బోర్డును కొక్కెంలోంచి పీకి చంకలో పెట్టుకున్నాడు. పెట్టుకుని వచ్చిన దారినే పెరట్లోకి నడిచాడు. బోర్డు తీసేస్తే జనం ఆగుతారని ఆయన లెక్క. కానీ బోర్డు నడిస్తే జనం కూడా నడుస్తారని ఆయనకు తట్టలేదు. సందు చివర వెనక్కి తిరిగి చూసేసరికి గుంపంతా ఊరేగింపులా వెంటే ఉంది. అందరికంటే ముందు టీచరు.

అంతమందిని ఆ పెరడు ఎప్పుడూ చూడలేదు. ఆమె పోయినరోజున కూడా అంతమంది రాలేదు.

ఎలాగైనా వాళ్ళను షెడ్డు దాకా రానివ్వకూడదు. షెడ్డు తలుపు సందులోంచి చెయ్యిపెట్టి అందిన రేకల్లా బయటికి లాగి, జనానికీ టోపీకీ మధ్య అడ్డంగా నిలబెట్టాడు. అవన్నీ రాయించుకున్నవాళ్ళు తీసుకుపోకుండా వదిలేసిన పాత బోర్డులు. 'కుక్క ఉన్నది జాగ్రత్త'. 'తడి రంగు, తాకరాదు'. 'వెనుక ద్వారం వాడండి'. 'ఇచ్చట నిలబడరాదు'. ఒక్కో బోర్డు బయటికి వస్తుంటే జనం "ఆహా" అన్నారు.

టీచరు చేతులు కట్టుకుని చాలాసేపు చూసింది. "చూశారా?" అంది మెల్లగా. "మనిషికీ మనిషికీ మధ్య ఎన్ని గోడలో!"

"గోడ కాదమ్మా, రేకు," అన్నాడు పెయింటరు. "అవతలికి పొండి."

"అవతల అంటే ఏది సార్?" అంది టీచరు. కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి. "ఎవరికి ఎవరు అవతల?"

ఆయనకు తల గోడకేసి బాదుకోవాలనిపించింది. చప్పుడవుతుందని మానుకున్నాడు. చివరికి అడుగున ఉన్న బోర్డు లాగాడు. ఆసుపత్రికి రాసిన 'నిశ్శబ్దం' అది. దాన్ని అన్నిటికంటే ముందు నిలబెట్టి, వేలు పెదవుల మీద పెట్టుకుని అందర్నీ వరసగా గుడ్లురిమి చూశాడు.

గుంపు గప్‌చుప్ అయింది. దగ్గు వచ్చినవాడు కూడా చొక్కా అంచులో దగ్గుకున్నాడు. గళ్ళచొక్కా ఆయన అయితే ఊపిరి కూడా బిగబట్టినట్టున్నాడు. హమ్మయ్య, దారికొచ్చారు అనుకున్నాడు పెయింటరు.

అప్పుడు సందులోంచి పాట వినబడింది. ఇంటింటికీ తిరుగుతూ వాయించే జట్టు అది. ఒక క్లారినెట్, వెనక ఒక డోలు. మిగిలిన పెరళ్ళలో మనిషన్నవాడు కనబడక వెతుక్కుంటూ వచ్చారు పాపం. లోపల అంతమంది నోళ్ళు మూసుకుని నిలబడి ఉండటం చూసి, 'నిశ్శబ్దం' బోర్డు చదువుకుని, క్లారినెట్ ఆయన తలాడించాడు. అర్థమైందన్నట్టు కళ్ళు మూసుకుని సన్నగా, దారంలా ఊదడం మొదలుపెట్టాడు.

అదే సమయానికి తల్లిపిట్ట వచ్చింది. నోట్లో పురుగు. ఇక అయిపోయిందనుకున్నాడు పెయింటరు. పిట్ట మాత్రం డోలు ఆయన నెత్తిమీదుగా, సంతలో బేరం అయిపోయిన ఇల్లాలిలా హడావిడిగా వెళ్ళి టోపీ అంచున వాలింది. నోళ్ళు తెరుచుకున్నాయి. కిచకిచ. పురుగు పెట్టింది, మళ్ళీ ఎగిరిపోయింది. కాసేపటికి ఇంకో పురుగుతో వచ్చింది. జనాన్ని ఒక్కసారైనా చూడలేదు.

అంటే అది బెదరలేదు. అక్కడున్న ఎవరికైనా అది కనబడుతుంది. పెయింటరుకు కనబడలేదు. ఆయనకు కనబడింది క్లారినెట్ ఒక్కటే. అది పిల్లల కిచకిచలను పట్టుకుని అలాగే తిరిగి పలుకుతోంది.

"ఆపండి!" అన్నాడు. ఏడాదిగా వాడని గొంతు, అనుకున్నదానికంటే పెద్దగా వచ్చింది. "ఆపండి ఈ గోల! మీకు ఇళ్ళు లేవా?"

డోలు ఆయన 'ధాం' అని ఒక దెబ్బ వేశాడు.

"కొంపలు లేవా? పెళ్ళాం పిల్లలు లేరా?"

'ధాం. ధాం.'

"సిగ్గూ ఎగ్గూ లేని సంత!"

'ధధధాం.'

పెయింటరు ఆగాడు. డోలు కూడా ఆగింది. చప్పట్లు మారుమోగాయి. "గొంతులో ఏం ఆవేశం!" అన్నారెవరో. "నటన అనుకోలేం," అన్నారింకెవరో.

ఇక మిగిలింది నీళ్ళగొట్టం. కుళాయి తిప్పి, గొట్టం చివర బొటనవేలు అడ్డంపెట్టి గుంపు మీదికి వదిలాడు. ఎండ మాడు పగలగొడుతోంది. నీళ్ళు పడగానే జనం హాయిగా కేకలు వేశారు. వెనకవరసవాళ్ళు "ఇటు కూడా, ఇటు కూడా" అన్నారు. గళ్ళచొక్కా ఆయన చొక్కా విప్పేశాడు.

సరిగ్గా అప్పుడే మెడలో సంఘం బ్యాడ్జీ, చేతిలో చిన్న మైకుతో బావమరిది పరిగెత్తుకొచ్చాడు. పక్కసందు మలుపు తిరిగేసరికి నీళ్ళు ముఖాన పడ్డాయి. తుడుచుకోలేదు.

"బావా!" అన్నాడు. "నువ్వా బావా! నువ్వు చేరతావని కల్లో కూడా అనుకోలేదు!"

"ఎవడు చేరాడు? వీళ్ళని తీసుకుపో."

"ఎలా తీసుకుపోను బావా, మిగతా పెరళ్ళన్నీ దులిపేసినట్టు ఖాళీ! చెక్కపని ఆయన తన బొమ్మలన్నీ వదిలేసి ఇక్కడికే వచ్చాడు. అదిగో, ఆ గోడ దగ్గర!"

"నీ పుణ్యముంటుంది బామ్మర్దీ. తీసుకుపోతావా, లేదా?"

ఆ గొంతు విని బావమరిది నవ్వు ఆపాడు. బావ చూస్తున్నవైపు చూశాడు. బోర్డుల వెనక షెడ్డు, షెడ్డు గోడకు మేకు.

"అది అక్క టోపీ కదూ?" అన్నాడు.

తల్లిపిట్ట వచ్చి వాలింది. నోళ్ళు తెరుచుకున్నాయి. బావమరిది ముఖం మీది నీళ్ళు తుడుచుకున్నాడు. తర్వాత జనంవైపు తిరిగి మైకు నోటి దగ్గర పెట్టుకున్నాడు. ఏదో చెప్పబోయాడు. మైకులోంచి ఊపిరి తప్ప ఏమీ రాలేదు. రెండోసారి ప్రయత్నించాడు. రాలేదు. ముప్ఫై రూట్ల బస్సుల పేర్లు గుక్కతిప్పుకోకుండా చదివే మనిషికి ఒక్క మాట రాలేదు.

దాంతో ఆ మాట పెయింటరే చెప్పాల్సి వచ్చింది. బావమరిది చేతిలోంచి మైకు లాక్కున్నాడు.

"ఆ టోపీ నా ఇంటిదానిది," అన్నాడు. "తీసి అక్కడ పెట్టింది. మళ్ళీ పెట్టుకోలేదు. దాంట్లో పిల్లలున్నాయి. ఇంకా కళ్ళు తెరవలేదు. పొండి."

అంతే. పక్కింటావిడతో అననిది, దూరాన ఉన్న కన్నకూతురు ఫోన్ చేసి ఏడ్చినా అననిది, తనలో తాను కూడా పైకి అనుకోనిది, ముక్కూముఖం తెలియని తడిసిన మనుషుల ముందు మైకులో చెప్పాడు.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. క్లారినెట్ ఆయన వాయిద్యాన్ని సంచిలో పెట్టుకున్నాడు. గళ్ళచొక్కా ఆయన చొక్కా తొడుక్కుని భార్య చెయ్యి పట్టుకున్నాడు. ఒకరి వెనక ఒకరు, కాలిమునివేళ్ళ మీద సందులోంచి వెళ్ళిపోయారు. టీచరు ఆఖరున వెళ్ళింది. వెళ్తూ వెళ్తూ ముక్కు చీదుకుని, "ఇలాంటి ముగింపు నేనెక్కడా చూడలేదు సార్," అంది.

పెరడు ఖాళీ అయింది. బావమరిది మాత్రం కదలలేదు.

"బావా, నువ్వు పొద్దున్నించీ ఏమీ తిన్నట్టు లేవు. లోపలికెళ్ళి ఇంత ముద్ద తిను. నేనిక్కడ కూర్చుంటా."

"అక్కర్లేదు."

"చిన్నప్పుడు అక్కా నేనూ ఇలాగే వంతులేసుకుని కాపలా కాసేవాళ్ళం. నేను కదలను, మాట్లాడను. కుర్చీలో కూర్చుంటానంతే."

"మీ అక్క ఊసెత్తకు. నీవల్ల ఆవిడ సంగతి సంతలో చెప్పాను."

"బావా, ఒక్క గంట..."

పెయింటరు షెడ్డుకు ఆనించి ఉంచిన గేటు బోర్డు తీసి బావమరిది ముఖానికెదురుగా పట్టుకున్నాడు.

"చదువు," అన్నాడు.

బావమరిది చదివాడు. తల వంచుకుని వెళ్ళిపోయాడు. పెయింటరు వెనకాలే వెళ్ళి గేటుకు గొళ్ళెం పెట్టి, తాళం కూడా వేశాడు. గెలిచినవాడికి ఆకలి వేస్తుంది. వంటింట్లోకి వెళ్ళి స్టవ్ వెలిగించి పాలు పెట్టాడు. పొద్దున్నించీ కోరుకున్న నిశ్శబ్దం ఇల్లంతా పరుచుకుంది. పాలు కాగుతున్న సన్నటి చప్పుడు కూడా వినబడుతోంది. ఆయన చేతిలో గరిటెతోనే స్టూలు మీద కూర్చుని, గోడకు వీపు ఆనించి, కళ్ళు మూసుకున్నాడు.

తర్వాత పెరట్లోంచి పిట్ట అరుపు వినిపించింది. పురుగు తెచ్చినప్పటి అరుపు కాదు. ఆగకుండా, ఒకే మాటను మళ్ళీ మళ్ళీ అంటున్నట్టుంది.

ఆయన గరిటె పట్టుకునే బయటికి వచ్చాడు. టోపీ అంచు మీద కాకి ఉంది. షెడ్డు కప్పు మీద ఇంకోటి ఉంది. తల్లిపిట్ట చుట్టూ గిరగిరా తిరుగుతూ అరుస్తోంది. ఆయన గరిటె విసిరాడు. కాకి అదిరిపడలేదు. ఆఫీసులో పని ముగించుకున్నవాడిలా ముక్కు అంచుకు తుడుచుకుని, నిదానంగా లేచి వెళ్ళిపోయింది. టోపీ మేకు మీద కాసేపు అటూ ఇటూ ఊగింది.

దగ్గరికి వెళ్ళి లోపలికి చూశాడు. గడ్డీ పీచూ చక్కగా సర్ది ఉన్నాయి. ఇంకేం లేదు.

గోడ మీద నర్సమ్మ తల లేచింది. "అయ్యయ్యో! పొద్దున్నించీ ఆ కరెంటు తీగ మీదే కాచుక్కూర్చున్నాయి బాబాయ్ గారూ, వెధవ కాకులు. నేను చూస్తూనే ఉన్నాను. ఇంతమంది ఉన్నారని దిగలేదు. ఒక్క మనిషి కూర్చునున్నా దిగేవి కావు."

పెయింటరు ఆ మాట విననట్టే వంగి గరిటె వెతుక్కున్నాడు. లోపల పాలు పొంగి మాడిన వాసన వస్తోంది.

సాయంత్రం బావమరిది మళ్ళీ వచ్చాడు. గేటు తాళం చూసి బయటే నిలబడ్డాడు. చేతిలో తళతళలాడే కప్పు.

"కోప్పడకు బావా, లోపలికి రాను. ఇదిచ్చి పోతా. మొదటి బహుమతి నీకే. ఇంకొకరి పేరే అనుకోలేదట టీచరుగారు. వచ్చే ఆదివారం లైబ్రరీలో నీచేత రెండు మాటలు మాట్లాడించమని ఒకటే గొడవ. ఆ టోపీ గురించి, ఆ బోర్డుల గురించి, నీకు తోచింది."

పెయింటరు గేటుకు ఇవతల నిలబడ్డాడు. చెయ్యి చాపలేదు. బావమరిది కప్పును గేటు చువ్వల సందులోంచి దూర్చబోయాడు. అది పట్టలేదు. అడ్డంగా పెట్టి చూశాడు, నిలువుగా పెట్టి చూశాడు. చివరికి తనవైపే కింద పెట్టేశాడు.

"పోనీలే, అదలా ఉంచు," అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, గేటు దగ్గరికి జరిగాడు. "పిల్లలెలా ఉన్నాయి బావా?"

చెబితే బావమరిది ఏడుస్తాడు. అక్క పోయిననాడు ఏడ్చినట్టే ఆ చువ్వలు పట్టుకుని, వీధిలో అందరూ చూస్తున్నారని కూడా లేకుండా ఏడుస్తాడు. కానీ 'నేను కూర్చుంటానన్నాను కదా' అని మాత్రం అనడు. చచ్చినా అనడు. అది పెయింటరుకు తెలుసు. అన్నిటికంటే భరించలేనిది అదే.

"ఆ సంగతి నన్నెప్పుడూ అడక్కు," అన్నాడు.

"అంటే..."

"పిట్టల గురించి గానీ, టోపీ గురించి గానీ, ఈ ఆదివారం గురించి గానీ. నువ్వే కాదు, ఎవరూ. నా నోటివెంట ఇంకో ముక్క రాదు. మీ వాళ్ళకి కూడా అదే చెప్పు."

బావమరిది వెళ్ళి అదే చెప్పాడు. పెయింటరు కూడా మాట మీదే నిలబడ్డాడు. లైబ్రరీకి వెళ్ళలేదు. టీచరు ఇంటికి వస్తే తలుపు తీయలేదు. కూతురు అడిగితే వేరే మాట ఎత్తాడు. ఆ విషయం మీద ఆయన ఇక నోరు విప్పలేదు. విప్పడు.

కళా సంఘంవాళ్ళు దాన్ని వినయం అంటున్నారు.